చివరి జోకు సభలో చెప్పొచ్చా?

ప్రశ్న అడిగినవారు: నల్లకుంట పాదచారి

వచ్చే ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో మా స్నేహితుడి సంస్మరణ సభ. సభ అంటే పెద్దగా ఊహించుకోకండి. నలభై కుర్చీలు పట్టే హాలు, ఒక మైకు, ఒక దండ. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. రాసింది రాసినట్టు కొట్టేస్తున్నాను.

ముందు మనిషి గురించి చెబుతాను. లేకపోతే నేను అడిగేది మీకు అర్థం కాదు.

వాడికి యాభై ఏడేళ్లు. ఇరవై ఆరేళ్లు ఒక తెలుగు దినపత్రికలో ప్రూఫ్ రీడరు. తర్వాత ప్రూఫ్ రీడర్లు అక్కర్లేదని వాళ్లు అనుకున్నారు. (అక్కర్లేదో ఉందో పొద్దున్నే పేపరు చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.) అప్పట్నుంచి ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. విద్యానగర్‌లో రెండు గదుల పోర్షన్, అందులో ఒక గది పూర్తిగా పుస్తకాలది. "అద్దె నేను కడతాను గానీ నిజానికి వాటి దగ్గర నేనే పేయింగ్ గెస్టుని" అనేవాడు.

తెలుగూ ఇంగ్లీషూ సరే, ఉర్దూ చదవడం కూడా నేర్చుకున్నాడు. ఎవరి దగ్గరా కాదు, ఆబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ. అందుకే వాడికి ముందు వచ్చిన ఉర్దూ మాటలన్నీ మందులు, చెప్పులు, అత్తరు. "గజల్ రాయడానికి చాలదు గానీ, రాసినవాడికి చెప్పుల జత కొనిపెట్టేంత వచ్చింది" అని చెప్పుకునేవాడు.

ఊరికి కొత్తగా ఎవరొచ్చినా చార్మినార్ కంటే ముందు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లేవాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. ఆ కథంతా చెప్పి, చెట్టుకి ఒక నమస్కారం పెట్టి, "ఈ భవనం లేవకముందే డ్యూటీలో చేరిన డాక్టరమ్మ. ఇంతవరకూ సెలవు పెట్టలేదు" అనేవాడు. ఆ మాట నేను పదిసార్లయినా విన్నాను. పదిసార్లూ నవ్వాను. నిన్న మా అబ్బాయికి చెబితే, "అంతేనా?" అన్నాడు.

అదే నా కష్టం. వాడి మాటలు నా నోట్లో పడితే చచ్చిపోతున్నాయి.

వాడి దగ్గర ఒక శబ్దరత్నాకరం ఉంది. 1885లో మొదట వచ్చిన ఆ నిఘంటువు తర్వాతి ముద్రణ అది, అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితం వేసుకున్నాడు. అందులో లేని మాటలు, అంటే సిటీ బస్సుల్లో, ఇరానీ హోటళ్లలో వినపడేవి, ఆ అక్షరం దగ్గర మార్జిన్లో ఎర్ర పెన్నుతో రాసి, పాత నిఘంటువు ధోరణిలోనే అర్థాలు ఇచ్చేవాడు. కొన్ని గుర్తున్నాయి:

"బైగన్: వంకాయ. తిట్టుకును కూరకును చెల్లును. రెంటను నూనె మెండు."

"లైట్ తీసుకో: మూట మోయువానికి మోయనివాడు చెప్పు హితవు."

"పర్సోం: మొన్న. హైదరాబాదున మొన్నయు, దానికి ముందరి సమస్త కాలమును. కులీ కుతుబ్ షా చార్మినారు కట్టినది పర్సోమే."

"హౌ: అవును. అర్థమైనను కాకున్నను వాడవచ్చును."

ఇక అసలు సంగతి. మూడు వారాల కిందట, బుధవారం రాత్రి పదిన్నరకి వాడు ఫోన్ చేశాడు. వేరే ఏదో మాట్లాడి, మధ్యలో అన్నాడు: "ఒరేయ్, సాయంత్రం నుంచి ఎడమ భుజం లాగుతోందిరా. ఈ వయసులో మళ్లీ వామపక్షం వైపు మొగ్గుతున్నానో ఏమో."

నేను పెద్దగా నవ్వాను. పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చి చూసింది, అంత గట్టిగా. "గ్యాసు అయ్యుంటుంది, జీలకర్ర నీళ్లు తాగి పడుకో" అన్నాను. "సరే, మితవాదిలా కుడివైపు తిరిగి పడుకుంటా" అని పెట్టేశాడు.

తెల్లవారుజామున పోయాడు. పొద్దున పాల ప్యాకెట్ తీయలేదని కింది పోర్షన్ వాళ్లు తలుపు కొట్టారు.

పన్నెండో రోజున ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద "శ్రద్దాంజలి" అని ఉంది, ద కింద దవత్తు. ఆ ఒత్తు మీద వాడు జీవితాంతం యుద్ధం చేశాడు. వీధిలో ఎవరి ఫ్లెక్సీ చూసినా ఆగి, "బతికినన్నాళ్లూ మనిషి మీద ఒత్తిడి పెడతారు, పోయాక ఒక్క ఒత్తు సరిగ్గా పెట్టలేరు" అనేవాడు. అందరూ భోజనాలకి లేచాక నేను నల్ల స్కెచ్ పెన్ను తెచ్చి దాన్ని ధవత్తు చేశాను. వంకరగా వచ్చింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అడగాల్సినవి రెండు. ఒకటి, ఆ చివరి జోకు సభలో చెప్పొచ్చా? వాణ్ని అంతకంటే బాగా చూపించే మాట ఇంకొకటి లేదు. కానీ వాళ్ల చెల్లెలు ముందు వరసలో కూర్చుంటుంది, నేను నవ్వి ఊరుకున్న సంగతి ఆవిడకి తెలియదు. రెండు, సుమారు మూడు వేల పుస్తకాలు. నెలాఖరుకి పోర్షన్ ఖాళీ చేయాలి. ఏం చేయమంటారు?

---

జవాబు: పాత తెలుగు మేష్టారు

నాయనా, ముప్పై ఏళ్లుగా ఇలాంటి సభల్లో మాట్లాడుతున్నాను. ఈ మధ్య వినడమే ఎక్కువైంది. నా అనుభవం ఒక్కటే: విశేషణాలు తీసుకెళ్లకండి. "బహుముఖ ప్రజ్ఞాశాలి, సహృదయుడు, నిగర్వి" అనగానే ముందు వరస వాళ్లు గడియారం చూస్తారు. ఈ మూడు మాటలూ ఎవరికైనా సరిపోతాయి, అంటే ఎవరికీ చెందవు. మీరు రాసిన స్కెచ్ పెన్ను సంగతి చాలు, అదే ఐదు నిమిషాలు.

నవ్వు విషయానికొస్తే, చావు దగ్గర నవ్వడం మనకి కొత్తేం కాదు. శ్రీనాథుడు చివరి రోజుల్లో చెప్పాడని పేరున్న చాటువు గుర్తుందా? పన్ను కట్టలేక, ఆదరించిన రాజులంతా ఒక్కొక్కరే పోయారని ఏడ్చాక, చివరికి ఏమంటాడు? నేను వస్తున్నానని తెలిసి పైన ఉన్న దేవతల కవిగారి గుండె దడదడలాడుతోందిట! దిక్కులేని స్థితిలో కూడా ఆ ధీమా. ఆయన చెప్పాడా, ఆయన పేర ఇంకెవరైనా కట్టారా అన్నది పండితులు తేల్చుకుంటారు. కానీ దాన్ని తెలుగువాళ్లు ఇన్ని వందల ఏళ్లు నోటికి పట్టుకున్నారంటే, నవ్వుతూ వెళ్లిన మనిషి మనకి ఇష్టమనే కదా. చెప్పండి. చెల్లెలికి మాత్రం ముందు విడిగా చెప్పండి. సభలో మొదటిసారి వినకూడదు.

---

జవాబు: స్టెతస్కోపు

జోకు గురించి నాకు తెలియదు. "నవ్వి ఊరుకున్నాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను, దాని గురించే రాస్తున్నాను.

ఎడమ భుజం లాగడం గుండె నొప్పి కావచ్చు, మెడ నరం కావచ్చు, సంచి మోసిన నొప్పి కావచ్చు. ఫోనులో విని తేల్చడం నా వల్ల కూడా కాదు. మీ పొరపాటు అనుకుంటున్నది ఈ ఊళ్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. చదివేవాళ్ల కోసం మాత్రం ఒక మాట: భుజం, దవడ, వీపు పైభాగం, ఛాతీ మధ్య బరువు, వీటితో పాటు చెమటలు గానీ ఆయాసం గానీ ఉంటే జీలకర్ర నీళ్లు వద్దు. 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి. గ్యాస్ అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

మీరు నవ్వడం వల్ల ఆయన పోలేదండీ.

---

జవాబు: ఒకప్పటి సబ్ ఎడిటర్

మీరు పేరు రాయకపోయినా ఎర్ర పెన్ను దగ్గరే గుర్తుపట్టాను. నాకు ఆయన మీద మీకున్నంత ప్రేమ లేదు. అది కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు డెస్కులో చేరాను. రెండో వారంలో నేను రాసిన వార్త గాలీ ప్రూఫు (తప్పులు దిద్దడానికి ముందుగా తీసే అచ్చు కాగితం) పట్టుకొచ్చి, అందరి ముందూ అన్నాడు: "అమ్మాయ్, ఈ వాక్యంలో కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ కూడా ఉంది. పాపం, ముగ్గురికీ ఒకళ్లతో ఒకళ్లకి పరిచయం లేదు." హాలంతా నవ్వింది. నేను మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత పదిహేనేళ్లు ఏ వాక్యం రాసినా ముందు ముగ్గురికీ పరిచయం చేయించి మరీ పంపాను. అందుకు కృతజ్ఞతలు చెప్పమంటే మాత్రం చెప్పను. అదే మాట పక్కకి పిలిచి అని ఉంటే కూడా నేర్చుకునేదాన్నే.

కానీ మీరు అడిగినదానికి నాకు తోచింది చెబుతాను. ఇప్పుడు ఈ సంగతి రాస్తుంటే నాకే నవ్వొచ్చింది, చదివిన మీకూ వచ్చే ఉంటుంది. చింతచెట్టు జోకు మీ అబ్బాయికి ఎందుకు పేలలేదు? మీరు ఆయన వైపు నిలబడి చెప్పారు కాబట్టి. ఆయన గొంతు మీకు రాదు, ఎవరికీ రాదు. దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చెప్పి చూడండి. మిమ్మల్ని కూడా ఎప్పుడో ఒకసారి కొట్టే ఉంటాడు. ఆయన వదిలిపెట్టిన మనిషిని నేను చూడలేదు.

---

జవాబు: ఆదివారం ఫుట్‌పాత్

సార్, మాది ఆబిడ్స్‌ల పాత పుస్తకాల ధంద. ఆదివారం దుకాణాలు బంద్ ఉంటయి గద, వాటి ముంగట పరుస్తం. మా నాయిన పరిచేటోడు, ఇప్పుడు నేను. పొడుగు ఖాకీ సంచి, చెవి మీద ఎర్ర పెన్ను, గా సారేనా? అయితే నాకు బాగ ఎరుకే.

అందరు రేటు తగ్గించమంటరు. గా సార్ తీరు వేరే. పుస్తకం పట్టుకొని నిలబడ్డ కాడనే ఇరవై పేజీలు చదివి, "ఇందుల పద్దెనిమిది తప్పులున్నయి, తప్పుకు రూపాయి లెక్క తగ్గించు" అన్నడు. మా నాయిన ఊకుంటడా! "తప్పులకు గూడ సిరా పడ్డది గద సారూ, అది ముఫత్‌కు వచ్చిందా?" అన్నడు. సార్ ఒక్క నిమిషం నోరు తెరిచి చూసి, అరవై రూపాయలు పూర తీసి ఇచ్చిండు. ఇంకో పదిరూపాయలు పైకెల్లి ఇచ్చి "ఇది గురుదక్షిణ" అన్నడు. ఓడిపోతే గంత ఖుషీ అయ్యే మనిషిని నేను చూడలే.

గోలకొండ కవుల సంచిక పాత కాపీ కోసం ఏండ్ల కొద్ది తిరిగిండు, 1934ది. దొరికిన దినం ఫుట్‌పాత్ మీదనే కూసొని మాకు చెప్పిండు: తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మందిని పట్టుకొచ్చి అచ్చేసిండంట. "మనోళ్లకు కోపమొస్తే కొట్టరు తమ్మీ, జాబితా రాస్తరు" అన్నడు. గా మాట నాకు ఇప్పటికి యాది ఉన్నది.

పుస్తకాలు తూకానికి మాత్రం ఇయ్యకుండ్రి సార్. ఆఖరికి ఎవరు తీసుకోకపోతే నాకు చెప్పుండ్రి, ఒక్కొక్కటి చదివేటోని చేతుల పెడత.

---

జవాబు: లైబ్రరీ అక్క

పుస్తకాల సంగతి నేను చెబుతాను, మా వృత్తి అదే.

ముందు జాబితా. పేరు, రచయిత, ప్రచురించిన సంవత్సరం, పుస్తకం స్థితి. జాబితా లేకుండా ఆటోలో వేసుకుని ఏ గ్రంథాలయానికి వెళ్లినా ఇబ్బందే, వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నవి మళ్లీ తీసుకుని ఎక్కడ పెట్టుకుంటారు? సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901 నుంచీ. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ ఉర్దూ సేకరణ కూడా చాలా పెద్దది, మీవాడి ఉర్దూ పుస్తకాల గురించి అడగండి. జాబితా పట్టుకుని వెళ్లి మాట్లాడండి. మూడు వేలూ ఒకే చోట ఉండాలని పట్టుబట్టకండి. "ఫలానా వారి సేకరణ" అని బీరువా మీద పేరు రాయించాలని ఇంట్లోవాళ్లకి ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఆ పట్టుదల వల్ల అట్టపెట్టెల్లోనే చెదపట్టిన సేకరణలు నేను చూశాను.

మార్జిన్లలో రాతలున్నవి విడిగా తీయండి. ముఖ్యంగా ఆ నిఘంటువు. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ముందు ప్రతి పేజీ ఫోటో తీయండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పుస్తకాన్ని బలవంతంగా చాపకుండా. ఎర్ర సిరా తొందరగా వెలుస్తుంది. ఇంకోటి, ఆ రాతల మీద హక్కు వారసులది. రచయిత పోయాక మన దేశంలో కాపీరైటు 60 ఏళ్లు ఉంటుంది. ఎప్పుడైనా అచ్చు వేయాలనుకుంటే చెల్లెలి సంతకం కావాలి. నెలాఖరు దాకా ఉంది కదా, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుంటే జాబితా అయిపోతుంది.

---

మళ్లీ నల్లకుంట పాదచారి

సభ అయింది. అందరికీ విడివిడిగా రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి.

సబ్ ఎడిటర్ గారూ, మీ జవాబు మొదట చదివినప్పుడు కోపం వచ్చింది. రెండోసారి చదివాక మీరు చెప్పినట్టే చేశాను. నన్ను కొట్టిన దెబ్బే చెప్పాను. పదకొండేళ్ల కిందట నేను ఒక కవితా సంపుటి వేసుకున్నాను, సొంత డబ్బులతో. ఆవిష్కరణ రోజున వాణ్ని మాట్లాడమంటే మైకు పట్టుకుని, "ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చినవి పేజీ నంబర్లు. ఒక్కటి కూడా తప్పు పోలేదు" అని కూర్చున్నాడు. నేను ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

ఎనిమిదో నెలలో మా లెటర్‌బాక్సులో ఒక చీటీ ఉంది. పాత పుస్తకాల చివర అంటించేవారే, అలాంటి తప్పొప్పుల పట్టిక, వాడి చేతిరాతతో. "తప్పు: పేజీ నంబర్లు. ఒప్పు: 43వ పేజీలోని కవిత. పాఠకులు సవరించుకొని చదువుకొనగోరెదను." అంతే. క్షమాపణ అన్న మాట లేదు. అది ఇప్పటికీ నా పర్సులో ఉంది, మడతల దగ్గర చిరిగింది. సభలో తీసి చదివాను. నవ్వారండీ. వెనక వరసలో ఒకాయన దగ్గుకునేంత నవ్వారు. 43వ పేజీలో ఏముందని ఎవరూ అడగలేదు, అదీ మంచిదే.

చివరి జోకు సభలో చెప్పలేదు. మేష్టారి మాట ప్రకారం వాళ్ల చెల్లెలికి శనివారమే చెబుదామని వెళ్లాను. ఆవిడ పుస్తకాల గదిలో కింద కూర్చుని జాబితా రాస్తోంది, వాళ్లమ్మాయి ఫోటోలు తీస్తోంది. నేను నీళ్లు నములుతూ మొదలుపెట్టాను. "ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు భుజం లాగుతోందన్నాడమ్మా..."

"వామపక్షం అన్నాడా?" అంది.

నేను తెల్లబోయాను.

"నాకు పది గంటలకే చేశాడన్నయ్యా. నేనూ నవ్వాను. జండూబామ్ రాసుకోమన్నాను" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. అప్పుడు ఆవిడే, "చూశావా, నా మీద ఒకసారి ప్రూఫు తీసి నీకు వినిపించాడు" అంది. మళ్లీ నవ్వొచ్చింది మా ఇద్దరికీ, నవ్వో ఏమో అది.

జాబితాలో పదకొండు వందలు ఎక్కాయి. లైబ్రరీ అక్కా, మీరు చెప్పినట్టు మార్జిన్లు ఉన్నవి పక్కన పెడితే అవే రెండు వందలు దాటాయి. నిఘంటువు చెల్లెలి దగ్గరే ఉంటుంది. ఫుట్‌పాత్ తమ్ముడూ, డిటెక్టివ్ నవలలు ఒక మూట నీకే తెస్తాను, రేటు మాత్రం తప్పుల లెక్కనే.

సభ అయ్యాక బర్కత్‌పురా దాకా నడిచి, మేం ఎప్పుడూ కూర్చునే ఇరానీ హోటల్లోకి వెళ్లాను. వాడు పోయాక అటు వెళ్లడం అదే మొదలు. గోడ పక్క బల్ల ఖాళీగానే ఉంది. చాయ్ ఇచ్చే ఆయనకి మా ఇద్దరి పేర్లూ తెలియవు. గుడ్డతో బల్ల తుడుస్తూ అడిగాడు: "క్యా సాబ్, అకేలే? వో థైలీవాలే సాబ్ నై ఆయే? పర్సోం తో ఆయే థే."

"హౌ" అన్నాను.